సైన్, సైనస్, జేబు, జ్యా: ఈ మాట నిజంగా తప్పు అనువాదంలోనే పుట్టిందా?

చాక్‌పీస్ (లెక్కల టీచర్, తెనాలి దగ్గర)

అందరికీ నమస్కారం. పదో తరగతికి త్రికోణమితి మొదలుపెట్టాను. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆ పాఠం దగ్గర సైన్ అనే మాట చరిత్ర క్లుప్తంగా ఇచ్చారు. ఆర్యభటుడు అర్ధజ్యా అన్నాడు, వాడుకలో అది జ్యా, జీవా అయింది, అరబిక్‌లోకి వెళ్లినప్పుడు ఆ మాటనే ఉంచుకున్నారు, లాటిన్‌లోకి మార్చేటప్పుడు సైనస్ అన్నారు, అంతే. అది చదివిన ఒక అమ్మాయి లేచి, "జ్యా అంటే వింటినారి అన్నారు కదా సార్, దానికీ సైనస్‌కీ ఏం సంబంధం? మా అమ్మకు తలనొప్పి వస్తే డాక్టరు సైనస్ అన్నాడు" అంది. మంచి ప్రశ్న. రేపు చెబుతానన్నాను.

యూట్యూబ్‌లో వెతికితే ఏ వీడియో చూసినా "అనువాదకుడి ఘోర తప్పిదం", "ప్రపంచ గణితంలో అతి పెద్ద పొరపాటు" అనే మొదలవుతోంది. పిల్లలకు అలా చెప్పడం నాకు ఇష్టం లేదు. పన్నెండో శతాబ్దంలో దీపం ముందు కూర్చుని పెద్ద పెద్ద గ్రంథాలు తిరగరాసినవాళ్లను ఒక్క ముక్కలో మూర్ఖుల కింద జమకట్టడం నాకు మింగుడుపడటం లేదు. అసలు ఏం జరిగిందో తెలిసినవాళ్లు చెప్పండి.

భారతి_రాజమండ్రి (సంస్కృతం, తెలుగు. రిటైరయ్యాను)

మొదటి ముక్క నేను చెబుతాను మాస్టారూ. జ్యా అంటే వింటినారి, అల్లెతాడు. మౌర్వి, శింజిని కూడా అదే. మన కావ్యాల్లో యుద్ధం వచ్చిన ప్రతిచోటా ఈ మాటల్లో ఒకటి కనబడుతుంది. జీవా కూడా నారికి పర్యాయపదమే, ప్రాణం అనే అర్థంతో ఇక్కడ పని లేదు.

బోర్డు మీద ఒక వృత్తం గీయండి. అందులో ఒక ముక్క తీసుకుని రెండు కొసలూ గీతతో కలపండి. వంగిన భాగం విల్లు, కలిపిన గీత నారి. అందుకే వంపుకు చాపం అని, గీతకు జ్యా అని పేరు. ఇప్పుడు కేంద్రం నుంచి నారి మధ్యకు ఒక గీత గీసి వంపు దాకా పొడిగించండి. నారికీ వంపుకీ మధ్య పడిన ముక్క బాణం. దాన్ని శరం అన్నారు. నారిలో సగం, అంటే మధ్య నుంచి కొసదాకా ఉన్నది, అర్ధజ్యా. మీరు పాఠంలో చెప్పే సైన్ ఆ సగమే.

ప్రతిసారీ అర్ధజ్యా అనడం బరువై జ్యా అన్నారు. శాస్త్రం రాసేవాళ్లు ఇలాంటి పొదుపు చేస్తూనే ఉంటారు. ఎక్కడ పూర్తి నారి, ఎక్కడ సగం అన్నది చదివేవాడికి సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది.

ఇంటర్_సెకండియర్

మేడమ్, మాకు తెలుగు మీడియంలో వృత్తాల పాఠంలో జ్యా అంటే పూర్తి గీతే. చాపం కూడా అక్కడే వచ్చింది. బొమ్మలో విల్లు ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆకాశదీపం (నక్షత్రాలు చూడటం, ఖగోళ చరిత్ర చదవడం)

చాక్‌పీస్ గారూ, ఈ కథ మన దగ్గర మొదలవలేదు, గ్రీకుల దగ్గర మొదలైంది. అక్కడి నుంచి చెబితేనే అర్థమవుతుంది.

గ్రీకులు పూర్తి జ్యాతో లెక్కలు కట్టారు. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ తన ఖగోళ గ్రంథం అల్మజెస్ట్‌లో వ్యాసార్ధం 60 అనుకుని, అర డిగ్రీకి ఒకటి చొప్పున జ్యాల పట్టిక ఇచ్చాడు. గొప్ప పని అది. కానీ ఆ పట్టికతో ఒక లంబకోణ త్రిభుజం సాధించాలంటే ముందు కోణాన్ని రెట్టింపు చేయాలి, ఆ రెట్టింపు కోణానికి జ్యా చూడాలి, వచ్చినదాన్ని సగం చేయాలి. గ్రహాల లెక్కలో ఈ పని మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది.

మన ఖగోళ సిద్ధాంతకర్తలు ఇక్కడే ఒక మార్పు చేశారు. కావలసింది సగమే అయినప్పుడు పట్టికలోనే సగం రాసేస్తే పోలేదా అనుకున్నారు. 499లో ఆర్యభటుడు ఆర్యభటీయంలో ఇచ్చింది ఈ అర్ధజ్యాల పట్టికే. మీరు ఈరోజు పిల్లలకు చెప్పే సైన్ పట్టికకు పూర్వరూపం అది. వరాహమిహిరుడి పంచసిద్ధాంతికలో, సూర్యసిద్ధాంతంలో కూడా అర్ధజ్యాలే. చూడటానికి చిన్న మార్పు. కానీ త్రికోణమితి అంతా దాని మీదే నిలబడింది.

అక్కడి నుంచి బాగ్దాద్. ఎనిమిదో శతాబ్దం రెండో సగంలో ఖలీఫా మన్సూర్ కాలంలో ఒక భారతీయ సిద్ధాంత గ్రంథం అక్కడికి చేరి అరబిక్‌లోకి వెళ్లింది. సింద్‌హింద్ అనే పేరుతో ఒక పంచాంగ సంప్రదాయమే మొదలైంది. సింద్‌హింద్‌లో ఉన్నది మన సిద్ధాంత అనే మాటే. తర్వాత గణితజ్ఞుడు అల్ ఖ్వారిజ్మీ దాని మీద తన పట్టికలు కట్టాడు. జీవా అనే మాట ఆ దారిలోనే అరబిక్‌లోకి వెళ్లింది.

డల్లాస్_రఘు

అంటే మొత్తం మనదే కదా! మన దగ్గర తీసుకుని, పేరు మార్చి, చివరికి మనకే సైన్, కాస్ అని నేర్పుతున్నారు. ఇది దొంగతనం కాక ఇంకేమిటి? నేను ఇక్కడ మా అబ్బాయికి హోంవర్క్ చెబుతుంటే ఒళ్లు మండిపోతుంది. టెక్స్ట్‌బుక్‌లో ఆర్యభటుడి పేరు ఒక్కసారి కూడా లేదు.

సలీం_మల్లేపల్లి

రఘు భాయ్, కోపం కాసేపు పక్కన పెట్టండి. మధ్యలో ఉన్న అరబిక్ ముక్క నేను చెబుతాను, అసలు విషయం అక్కడే ఉంది.

అరబిక్‌లో 'వ' లాంటి ధ్వని ఉంది గానీ మన జీవాలో వినిపించే పంటి 'వ' లేదు. బయటి మాటల్లో అలాంటిది వస్తే చాలాసార్లు 'బ' అవుతుంది. అలా జీవా కాస్తా జీబా అయింది. రాసేటప్పుడు హ్రస్వ అచ్చులు వదిలేస్తారు, హల్లులు, దీర్ఘాలు మాత్రం రాస్తారు. చివరి అచ్చు పోగా ఆ మాట కాగితం మీద మూడు అక్షరాలు: జీమ్, యా, బా. జీబా అనే మాటకు అరబిక్‌లో అర్థమేమీ లేదు, బయటి నుంచి వచ్చిన ధ్వని మాత్రమే. అయితే సరిగ్గా అవే మూడు అక్షరాలతో అందరికీ తెలిసిన సొంత మాట ఒకటి ఉంది: జైబ్. అంగీకి మెడ దగ్గర ఉండే తెరుపు, రొమ్ము దగ్గరి మడత అని అర్థం. ఖురాన్‌లో మూసా ప్రవక్తను చెయ్యి జైబ్‌లో పెట్టమనే సందర్భంలో వచ్చేది ఈ మాటే.

చదివేవాడి కంటికి ఆ అక్షరాలు జైబ్ అనే కనిపిస్తాయి. ఖగోళం రాసే అరబ్బులకే అది జైబ్‌గా స్థిరపడింది. ఇప్పటికీ అరబ్ దేశాల్లో స్కూల్లో సైన్‌ను జైబ్ అంటారు, కొసైన్‌ను జైబ్ అల్ తమామ్ అంటారు.

ఇంకో సంగతి. ఆ జైబే ఫారసీ, ఉర్దూల మీదుగా మన తెలుగులోకి జేబు అయి వచ్చింది. జేబు, జోబు, జేబుదొంగ. మా తాతగారు ఉస్మానియాలో చదివే రోజుల్లో అక్కడ సైన్సు, లెక్కలు ఉర్దూలోనే. ఆయన సైన్‌ను జైబ్ అనేవారు. ఆయన నోట్‌బుక్ మా ఇంట్లో ఉంది. నల్ల సిరాతో గీసిన వృత్తం, పక్కన జీమ్, యా, బా. చొక్కా జేబుకూ ఆ అక్షరాలే, లెక్కలో జైబ్‌కూ ఆ అక్షరాలే. చిన్నప్పుడు అది చూసి వృత్తంలో జేబు ఎక్కడుందని అడిగేవాణ్ణట.

చాక్‌పీస్

సలీం గారూ, ఇది నాకు తెలియదు. జేబు, సైన్ ఒకే మాటా! రేపు ఇది చెబితే ఏ పిల్లాడూ జన్మలో మర్చిపోడు.

ఈఎన్‌టీ_కాకినాడ

డాక్టరుగా ఆ అమ్మాయి ప్రశ్నకు నా వంతు సమాధానం. లాటిన్‌లో సైనస్ అంటే వంపు, మడత, లోతైన ఖాళీ. ముక్కు చుట్టూ ఎముకల్లో గాలి నిండిన గదులుంటాయి, వాటిని సైనస్‌లు అంటాం. అవి అందరికీ ఉంటాయి. వాటి లోపలి పొర వాచి, ద్రవం నిలిచిపోతే వచ్చే జబ్బు సైనసైటిస్. మన దగ్గర "నాకు సైనస్ ఉంది" అంటారు గానీ, వాళ్లమ్మకున్నది సైనసైటిస్ అని ఆ అమ్మాయికి చెప్పండి. గుండెలో, మెదడు పొరల్లో కూడా మేం సైనస్ అని పిలిచే భాగాలున్నాయి. అన్నింటా భావం ఒకటే, లోపలికి వంగిన చోటు.

రోమన్లు టోగా అనే పొడవాటి వస్త్రం ఒంటికి చుట్టుకునేవారు. రొమ్ము ముందు పడే పెద్ద మడతను సైనస్ అనేవారు, వస్తువులు అందులో పెట్టుకునేవారు. మన ఆడవాళ్లు చీర కుచ్చిళ్ల ముందు భాగాన్ని ఎత్తి ఒడి కట్టుకుని పత్తి తీస్తారే, ఆ ఒడి లాంటిదన్నమాట. ఒడి అంటే మనకూ బట్ట మడతా అవుతుంది, తల్లి ఒళ్లో చోటూ అవుతుంది. లాటిన్ సైనస్‌కూ ఆ రెండు అర్థాలూ ఉన్నాయి. సముద్రం నేలలోకి వంగి వచ్చిన అఖాతాన్ని కూడా ఆ మాటతోనే అనేవారు.

ఆకాశదీపం

చంద్రుడి పటంలో ఆ అర్థం ఇప్పటికీ ఉంది డాక్టర్ గారూ. సైనస్ ఇరిడమ్, అంటే ఇంద్రధనస్సుల అఖాతం. చిన్న టెలిస్కోప్‌లో కూడా అర్ధచంద్రాకారంలో స్పష్టంగా కనబడుతుంది.

ఇక అసలు ప్రశ్న. పన్నెండో శతాబ్దంలో స్పెయిన్‌లో అరబిక్ గ్రంథాలు వరసపెట్టి లాటిన్‌లోకి వెళ్లాయి. టొలెడో నగరం అందుకు పెద్ద కేంద్రం. ఇటలీ నుంచి అక్కడికి వచ్చిన జెరార్డ్ ఆఫ్ క్రెమోనా టాలెమీ అల్మజెస్ట్ కోసమే వచ్చాడంటారు. ఆయన పేరు మీద డెబ్బైకి పైగా అనువాదాలున్నాయి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన రాబర్ట్ ఆఫ్ చెస్టర్ అల్ ఖ్వారిజ్మీ బీజగణితాన్ని 1145లో లాటిన్‌లోకి మార్చాడు. సైనస్ అన్న మాటను త్రికోణమితిలో మొదట వాడిన ఘనతను కొందరు రాబర్ట్‌కు ఇస్తారు, కొందరు జెరార్డ్‌కు.

ఎవరైనా కానివ్వండి, వాళ్ల ముందున్నది ఏమిటి? జైబ్ అనే అరబిక్ మాట. జైబ్ అంటే వస్త్రం మడత, రొమ్ము. దానికి లాటిన్‌లో సరిసమానమైన మాట సైనస్. రెండింటికీ ఒకే పరిధి, డాక్టర్ గారు చెప్పినట్టు మడతా రొమ్మూ రెండూ కలిసిన మాటలు. ఇంతకంటే సరైన మాట దొరకదు. ముందున్న భాషకు పూర్తి న్యాయం చేశారు. ఆ మాట వెనకాల నాలుగు శతాబ్దాల కిందట ఉజ్జయిని నుంచో పాటలీపుత్రం నుంచో వచ్చిన ఒక వింటినారి ఉందని టొలెడోలో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? అరబ్బులే దాన్ని సొంత మాటగా చదువుకుంటుంటే?

అందుకే "ఘోర తప్పిదం" అనే మాట నాకు కోపం తెప్పిస్తుంది. ఎక్కడైనా జారిపాటు ఉంటే అది జీబా నుంచి జైబ్‌కు మారిన చోట ఉంది. అది కూడా ఎవరో ఒకరు చేసిన పొరపాటు కాదు. తెలియని ధ్వనిని తెలిసిన మాటగా మలచుకోవడం ప్రతి భాషా చేసే పనే.

రఘు గారూ, దొంగతనం అన్నారు. గ్రీకుల జ్యా లేకపోతే మన అర్ధజ్యా లేదు. అర్ధజ్యా మీద అరబ్బులు ఎంత కట్టారో చూడండి. టాంజెంట్‌ను నీడగా చూసి జిల్ అన్నారు, పట్టికలు కట్టారు. పదో శతాబ్దంలో అబుల్ వఫా అనే గణితజ్ఞుడు వ్యాసార్ధాన్ని ఒకటిగా తీసుకున్నాడు. యూరప్‌లో రెజియోమోంటానస్ అనే గణితజ్ఞుడు త్రికోణమితిని విడి శాస్త్రంగా నిలబెట్టాడు. ఆర్యభటుడి పేరు మీ అబ్బాయి పుస్తకంలో లేకపోవడం అన్యాయమే, అందులో మీతో ఉన్నాను. కానీ అబుల్ వఫా పేరూ అందులో ఉండి ఉండదు.

డల్లాస్_రఘు

సరే, దొంగతనం మాట వదిలేద్దాం. కానీ ఒకటి అడుగుతాను. కనీసం మన తెలుగు పుస్తకాల్లో అయినా సైన్ తీసేసి జ్యా, కొసైన్ తీసేసి కోటిజ్యా అని పెట్టొచ్చు కదా? మాట మనదే, అర్థం మనకు తెలుసు. ఎందుకు పెట్టడం లేదు?

చాక్‌పీస్

రఘు గారూ, మీ ఉద్దేశం అర్థమైంది కానీ క్లాసులో ఇది కుదరదు. మన పుస్తకాల్లో జ్యా అంటే ఇప్పటికే పూర్తి గీత. ఒకే ఏడాది ఒక పాఠంలో జ్యా అంటే పూర్తి గీత, ఇంకో పాఠంలో సగం అంటే పిల్లలకు టెన్షన్ తప్ప మిగిలేదేమీ లేదు. పదో తరగతి అయ్యాక సగం మంది ఇంగ్లీష్ మీడియం కాలేజీలకు వెళ్లిపోతారు. ఈఏపీసెట్ కోచింగ్‌లో సైన్ తప్ప ఇంకో మాట వినరు. మాట మార్చడం కన్నా దాని కథ చెప్పడమే మేలని నా అభిప్రాయం.

భారతి_రాజమండ్రి

మాస్టారితో ఏకీభవిస్తాను. ఆర్యభటుడి వాళ్లు సందర్భం చూసుకుని సర్దుకున్నారు, నిజమే. కానీ వాళ్ల పాఠకులు ఏళ్ల తరబడి గురువు దగ్గర కూర్చున్నవాళ్లు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఆ సర్దుబాటు కుదరదు.

పైగా విల్లు బొమ్మ లాటిన్‌లో పూర్తిగా పోలేదు రఘుబాబూ. చాపాన్ని ఇంగ్లీషులో ఆర్క్ అంటారు, అది లాటిన్ ఆర్కస్, అంటే విల్లు. జ్యాను కార్డ్ అంటారు, అది గ్రీకు, లాటిన్‌ల నుంచి వచ్చింది, పేగుతో చేసిన తీగ అని అర్థం. శరానికి వాళ్ల మాట సాజిటా, అంటే బాణం. అరబిక్‌లో దాన్నే సహ్మ్ అన్నారు, అదీ బాణమే. విల్లు, నారి, బాణం అన్నీ ఉన్నాయి. సగం నారి ఒక్కటే ఒడి అయి కూర్చుంది.

టాంజెంట్ లాటిన్‌లో తాకేది, మన స్పర్శరేఖ. సీకెంట్ కోసేది, మన ఛేదనరేఖ. డెన్మార్క్ గణితజ్ఞుడు థామస్ ఫింకే 1583లో ఈ రెండు పేర్లూ పెట్టాడు. అంతకుముందు యూరప్‌లో టాంజెంట్‌ను అరబ్బుల లాగే నీడ అనేవారు, లాటిన్‌లో ఉంబ్రా. కొసైన్ ఇంకా తర్వాత. పూరక కోణపు సైన్ అని పొడుగ్గా రాసేదాన్ని 1620లో లండన్‌లో ఎడ్మండ్ గుంటర్ కో సైనస్ అని కుదించాడు. మన కోటిజ్యా చేసిన పని కూడా అదే.

ల్యాబ్_అసిస్టెంట్_వరంగల్

శరం గురించి ఒక మాట. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో స్ఫెరోమీటర్ ఉంటుంది. మూడు కాళ్లు గాజు మీద ఆనించి, మధ్య స్క్రూ తిప్పి, గాజు ఎంత ఉబ్బిందో కొలుస్తారు. ఆ ఉబ్బునే లెన్సులు అరగదీసేవాళ్లు సాజిటా అంటారు. రికార్డులో పిల్లలు దాన్ని హెచ్ అని రాసి ఊరుకుంటారు. అది మన సిద్ధాంతాల్లోని శరమే అని ఇప్పుడు తెలిసింది. ఈ ఏడాది బ్యాచ్‌కు చెబుతాను.

నిర్వాహకుడు

చర్చ బాగుంది. మతాలు, దేశాల మధ్య పోలికలు తెస్తూ వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. మాట గురించే మాట్లాడుకుందాం.

ఇంటర్_సెకండియర్

ఆర్యభటుడి పట్టిక అని ఇందాక అన్నారు. అది నిజంగా ఎలా ఉంటుంది సార్? అంకెలతో గళ్లు గీసి ఉంటుందా?

ఆకాశదీపం

గళ్లు లేవు తమ్ముడూ, ఒక్క శ్లోకం. అందులోనే మొత్తం పట్టిక ఉంది. మొదటి ఎనిమిది ముక్కలు ఇలా ఉంటాయి:

మఖి భఖి ఫఖి ధఖి ణఖి ఞఖి ఙఖి హస్ఝ

అర్థం లేని అక్షరాల్లా ఉంది కదా? ఇవి అంకెలు. మన వర్ణమాల తీసుకో. క ఒకటి, ఖ రెండు, అలా లెక్కపెట్టుకుంటూ వెళ్తే మ ఇరవై ఐదు. తర్వాత య 30, ర 40, ల 50, వ 60, శ 70, ష 80, స 90, హ 100. అచ్చు 'అ' అయితే ఉన్న విలువే. వర్గాక్షరానికి, అంటే క నుంచి మ దాకా ఉన్నదానికి, 'ఇ' తగిలితే నూరు రెట్లు. ఇప్పుడు మఖి చూడు. మ అంటే 25, ఖి అంటే రెండు నూర్లు. మొత్తం 225. భఖి: భ 24, ఖి 200, కలిపి 224. ఫఖి 222. చివరి మాట హస్ఝ: హ 100, స 90, ఝ 9, కలిపి 199.

శ్లోకం మొత్తంలో ఇలాంటివి ఇరవై నాలుగు: 225, 224, 222, 219, 215, 210, 205, 199, 191, 183, 174, 164, 154, 143, 131, 119, 106, 93, 79, 65, 51, 37, 22, 7.

ఇవి అర్ధజ్యాలు కావు, ఒక అర్ధజ్యాకూ తర్వాతి దానికీ మధ్య తేడాలు. కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, ఇప్పటి నిమిషం. ఒక్కో మెట్టు 225 కళలు, అంటే 3 డిగ్రీల 45 నిమిషాలు. కావలసిన మెట్టు దాకా కూడుకుంటూ వెళ్తే ఆ కోణానికి అర్ధజ్యా వస్తుంది. అన్నీ కూడితే 3438. అదే వ్యాసార్ధం. అర్ధజ్యాను దానితో భాగిస్తే మన ఇప్పటి సైన్. వృత్తం చుట్టూ 21600 కళలు, దాన్ని 2πతో భాగిస్తే వచ్చేది దాదాపు 3438. అంటే వంపునూ గీతనూ ఒకే కొలతతో కొలిచాడు. మొదటి మెట్టులో వంపు 225, అర్ధజ్యా కూడా 225 అవడం అందుకే. చిన్న కోణానికి రెండూ దాదాపు సమానమని ఆ మొదటి అంకెలోనే ఉంది. మీరు ఇంటర్‌లో లిమిట్స్ అని చదివేది ఇక్కడ మొదటి అక్షరంలో కూర్చుని ఉంది.

చాక్‌పీస్

30 డిగ్రీలకు కూడి చూశాను. 30 డిగ్రీలంటే ఎనిమిది మెట్లు. 225, 224, 222, 219, 215, 210, 205, 199 కూడితే 1719. రెండుతో హెచ్చిస్తే సరిగ్గా 3438. సైన్ 30 సగం! పలక మీద కూడికలు వచ్చిన పిల్లలు ఎవరైనా దీన్ని చేయగలరు. రేపటి పీరియడ్ ఇదే.

సలీం_మల్లేపల్లి

60 డిగ్రీలకు పదహారు మెట్లు. 2978 వచ్చింది. 3438తో భాగిస్తే 0.8662. క్యాలిక్యులేటర్ 0.8660 అంటోంది. పదిహేను వందల ఏళ్ల కిందట, ఒక శ్లోకంలో. సుభానల్లా.

డల్లాస్_రఘు

45కు నేను చేశాను. పన్నెండు మెట్లు, 2431. భాగిస్తే 0.7071. నాలుగు స్థానాలూ కలిశాయి. మా అబ్బాయి పక్కన కూర్చుని మిగతావి కూడుతున్నాడు, తెలుగు అక్షరాలు రావు గనుక క నుంచి మ దాకా ముందు కాగితం మీద రాసిచ్చాను. ఆకాశదీపం గారూ, ధన్యవాదాలు. పేరు మార్చే సంగతి తర్వాత, ముందు వాడికి వర్ణమాల వచ్చేటట్టుంది.

ఇంటర్_సెకండియర్

మెట్టు మీద పడే కోణాలకు సరే. 10 డిగ్రీలకు ఎలా? అది రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్యలో పడుతుంది కదా.

భారతి_రాజమండ్రి

త్రైరాశికం నాయనా. మా నాన్నగారు పంచాంగం గుణించేటప్పుడు రోజూ చేసేవారు, నాకు చెయ్యి తిరిగిన పనే.

10 డిగ్రీలంటే 600 కళలు. 225తో భాగిస్తే రెండు మెట్లు పోగా 150 మిగిలింది. రెండు మెట్ల మొత్తం 225, 224 కలిపి 449. మూడో మెట్టు విలువ 222. 225 కళలకు 222 పెరిగితే 150 కళలకు ఎంత? 222ను 150తో హెచ్చించి 225తో భాగించు, 148 వస్తుంది. 449కి 148 కలిపితే 597. దాన్ని 3438తో భాగించి చెప్పు.

ఇంటర్_సెకండియర్

0.17365 వచ్చింది మేడమ్. క్యాలిక్యులేటర్‌లో సైన్ 10 కొట్టాను. 0.17365.